గింజలు కదలని చోటు

అరకు లోయకు ఎగువన, చక్రాల బండ్లనే గదులుగా అద్దెకిచ్చే ఒక కారవాన్ పార్కులో రెండు రోజులు బస చేశాను. బండ్లను శుభ్రం చేసే గిరిజన స్త్రీ, బుద్రి, నేను కూర్చున్న బండి మెట్టు దగ్గరకు చీపురుతో వచ్చి, "కాసింత కాళ్లెత్తండి బాబూ. మా పొయ్యికాడ కూకున్నారు" అని నవ్వింది.

పొయ్యి ఎక్కడమ్మా అని అడిగాను.

"ఇల్లు కట్టుకుందామని ఇక్కడే గింజలెట్టాం బాబూ. తెల్లారి సూత్తే ఒక్కటీ కదల్లేదు."

ఇంటి స్థలం ఎంచుకునేటప్పుడు వారు నేల మీద బియ్యపు గింజలు పేర్చి, ఆకు కప్పి, రాత్రంతా ఉంచుతారట. అవి చెదరకపోతే ఆ చోటు మంచిది. కానీ పట్టా లేదని ఆమెకు ప్రభుత్వ గృహం మంజూరు కాలేదు. ఈలోగా పార్కువారు వచ్చారు.

"మరి పట్టా లేని చోట ఈ బండ్లకు అధికారులు ఎలా ఒప్పుకున్నారు?"

"అప్పుడు సెక్రాలుండేవి బాబూ. బండి ఇల్లవుద్దేటి? సీజనైపోతే లాక్కుపోతామన్నారు."

ఆమె కుటుంబం నేటికీ కంచె అవతల టార్పాలిన్ కింద ఉంటోంది. పట్టా లేని నేల ఆమె ఇంటికి పనికిరాదట. అదే నేల నా పడకకూ గీజరుకూ పనికివచ్చింది! ఈ అన్యాయాన్ని తేదీతో సహా నా పుస్తకంలో రాసుకున్నాను. ఎవరికి చూపాలో మాత్రం తోచలేదు.

వంగి చూశాను. బండి కింద చక్రాలు లేవు. ఇనుప చట్రాన్ని సిమెంటు దిమ్మెలలో బిగించారు. ఆమెకు చూపించాను.

"నాకెరుకే బాబూ. ఆ సిమెంటు మోసింది నేనే గదా. దేనికో సెప్పలేదు" అని, బకెట్టు తీసుకుని పక్క బండికి వెళ్లిపోయింది.