చుక్కలక్క చూపుడు వేలు

అచ్చాఫీసులో అందరూ ఆమెను చుక్కలక్క అనేవారు. నాలుగేళ్ల వయసులో జ్వరానికి చూపు పోయింది. నలభై ఏడేళ్లు వచ్చేసరికి బ్రెయిల్ పుస్తకాల్లో తప్పులు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు తెచ్చుకుంది. కాగితం మీద ఉబ్బిన చుక్కల మీదుగా కుడి చూపుడు వేలు జరుపుతూ ఆమె పైకి చదివేది. ఎదురుగా కూర్చున్న చెల్లెలు మామూలు పుస్తకంలో సరిచూసుకునేది. ఆ చుక్కలు పొడిచే యంత్రం నడిపేది చెల్లెలి భర్త. ముగ్గురిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, ఒకే క్యారేజీ.

ఆ ఏడాది దసరాలప్పుడు పదో తరగతి భౌతికశాస్త్రం పని పడింది. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా పిల్లల చేతికి అందాలి. వెలుతురు గురించిన పాఠంలో మొదటి వాక్యమే తేడా కొట్టింది.

“లాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది,” అని చదివింది చుక్కలక్క.

చెల్లెలు పకపకా నవ్వింది. “కాంతి, అక్కా!”

“అది నాకు తెలీదా? మీ ఆయన ఒక చుక్క ఎక్కువ పొడిచాడు. క కాస్తా ల అయి కూర్చుంది.”

మరిది భూతద్దం పట్టుకుని వచ్చాడు. “వదినా, ఇక్కడున్నవి రెండే చుక్కలు. మూడోది ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?”

ఆమె ఒప్పుకోలేదు. మరుసటి పేజీలో మళ్లీ అదే. మరిది గొణుక్కుంటూ యంత్రం విప్పి, సూదులు మార్చి, నూనె వేసి బిగించాడు. అయినా చుక్క పోలేదు. మూడో రోజు చెల్లెలికి అనుమానం వచ్చి అక్క వేలు పట్టుకుని కొసన నొక్కి చూసింది. ఆవగింజంత గట్టిగా తగిలింది.

“అక్కా, ఆ చుక్క కాగితంలో లేదే. నీ వేల్లో ఉంది.”

ఆ పూటంతా మరిది కాలరెగరేసుకుని తిరిగాడు.

నాలుగు నెలలు గడిచేసరికి ఆవగింజ శనగగింజంత అయింది. నొక్కితే నొప్పి. గంటకు పాతిక పేజీలు చదివే మనిషి ఎనిమిది దగ్గర ఆగిపోయింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, “వేలి కొసన ఇలాంటి గడ్డ మంచిది కాదమ్మా. క్యాన్సరయ్యుండొచ్చు. పై కణుపు దాకా తీసేద్దాం, వచ్చేవారమే,” అన్నాడు.

“అయ్యుండొచ్చా, అయిందా?”

“ఆలస్యం చేస్తే చెయ్యి మీదికొస్తుంది.”

“మీ కన్నయితే కూడా అయ్యుండొచ్చని తీయించేసుకుంటారా డాక్టరుగారూ?”

చెల్లెలు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంత మాట అన్నదే గానీ, ఇంటికొచ్చాక చుక్కలక్క చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు జారి పడింది. చెల్లెలు పెంకులు ఏరుతూ, “వేలు పోతే పోనీవే. నువ్వుంటే నాకు చాలు,” అని ఏడ్చింది.

“నేనుండాలంటే అది కూడా ఉండాలే,” అంది అక్క. “తప్పెక్కడుందో చూడకుండా పేజీ చింపేస్తామా? ముందు అదేంటో తెలియాలి.”

మర్నాడే చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితానికి పది రోజులన్నారు. ఆ పది రోజులూ ఊరికే కూర్చోవడం చుక్కలక్క వల్ల కాలేదు. ఎడమ చూపుడు వేలికి చదువు చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఆ వేలు ఒకటో తరగతి పిల్లలా ప్రతి అక్షరం దగ్గరా నిలబడింది. పదో రోజుకు తడబడుతూనే వాక్యం పట్టుకుంది.

ఫలితం వచ్చింది. వైద్యురాలు కాగితం విప్పుతూనే చెప్పేసింది. “క్యాన్సర్ కాదమ్మా. చెమట గ్రంథిలో పుట్టిన గడ్డ, హాని లేనిది. మామూలుగా ముక్కు పక్కనో, పెదవి పైనో వస్తుంది. వేలి కొసన రావడం చాలా అరుదు. నా పదిహేనేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి చూడటం.”

“మొహం మీద అంత చోటుండగా దీనికి నా వేలే దొరికిందా!” అంది చుక్కలక్క. అని, పదిరోజుల నుంచి బిగబట్టిన ఏడుపంతా అక్కడే ఏడ్చేసింది.

వేలు తీయక్కర్లేదు. కానీ గడ్డ మొత్తం రావాలి, కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుంది. అలాగని వేలి మధ్యలో కోస్తే మచ్చ గట్టిపడి చుక్కలు తెలియకుండా పోవచ్చు. చుక్కలక్క సంచిలోంచి బ్రెయిల్ కాగితం తీయించి, దాని మీద స్టాంపు సిరా పూయమంది. ఒక వరుస చదివి వేలు చాచింది.

“చూడండి. సిరా అంటినంత మేర నాది. మిగతాది మీది.”

సిరా బొటనవేలి వైపూ, మధ్యలోనూ అంటింది. అవతలి పక్క శుభ్రంగా ఉంది. వైద్యురాలు పెద్దగా నవ్వి, “అయితే అటు నుంచే తెరిచి, కిందుగా తీస్తాను,” అంది.

చేతికి మాత్రమే మత్తిచ్చారు. ముప్పావుగంట తర్వాత, “పగలకుండా, గుండ్రంగా వచ్చేసిందమ్మా,” అన్న మాట చుక్కలక్క చెవులారా విన్నది.

కుట్లు విప్పాక వేలికి ఏమీ తెలియలేదు. చుక్కలన్నీ ఒకటే నునుపు. ఆమె భయాన్ని పైకి కనపడనివ్వలేదు. రోజూ బియ్యంలో, దూదిలో, గోనెపట్టా మీద వేలు రాస్తూ కూర్చుంది. అయిదో వారం ఒక ఉదయం ఆఫీసులో కాగితం మీద వేలు పెట్టి, ఉన్నట్టుండి చదివింది.

“కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది.”

యంత్రం ఆగిపోయింది. మరిది పరుగెత్తుకొచ్చి, “ఇంకోసారి చదువు వదినా!” అన్నాడు. ఆమె ఇంకోసారి కాదు, పాఠమంతా చదివింది. అంతలో ఇంకో విశేషం బయటపడింది. కుడి వేలు ఈ వరుస పూర్తి చేస్తుండగానే ఎడమ వేలు కింది వరుస అందుకుంటోంది. నెల తిరక్కుండానే గంటకు ముప్పై రెండు పేజీలు దాటింది. బడులు తెరవడానికి తొమ్మిది రోజుల ముందే పుస్తకాలు బండెక్కాయి.

ఏడాది తర్వాత పరీక్షకు వెళితే గడ్డ జాడ లేదు. “ఈ సంగతి వైద్య పత్రికకు రాయాలనుకుంటున్నాను, మీరు ఒప్పుకుంటేనే,” అంది వైద్యురాలు.

“రాయండమ్మా. అచ్చుకెళ్లే ముందు ప్రూఫు మాత్రం నాకు పంపండి.”

ఆమె నిజంగానే పంపింది. మరిది దాన్ని బ్రెయిల్లో పొడిచి ఇచ్చాడు. చుక్కలక్క రెండు చేతులూ ఆన్చి చదువుతూ మొదటి పేజీ సగంలో ఆగింది.

“కుడి చూపుడు వేలు అనుండాల్సిన చోట ఎడమ అని పడింది. ఫోన్ కలపవే చెల్లీ, డాక్టరమ్మకు చెప్పాలి.”