ఆకులు రాల్చిన తోటలు

నగర శివార్లలో, దేవరయాంజాల్ వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నేను పెరిగింది వాటి కిందే. తలకు కాస్త పైన తీగల పందిరి, దాన్ని మోసే రాతి స్తంభాలు, మా మాటలో కడీలు. నడి ఎండాకాలంలో కూడా ఆ నీడ చల్లగా ఉండేది. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టిన రోజుల్లో నాయిన చేతులు నీలంగా మారేవి. ఎంత తోమినా ఆ రంగు వదిలేది కాదని అన్నం దగ్గర అమ్మ రోజూ గొడవ పెట్టుకునేది.

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉద్యానశాస్త్రం చదువుతుండగా ఒక ఏడాది జర్మనీలో చదివే అవకాశం వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పటికే తూంకుంట రోడ్డు పొడవునా తోటలు పోయి ప్లాట్లు వస్తున్నాయి. బోర్లు ఎండిపోతున్నాయి. వెళ్లాలని ఎంత ఉబలాటమో, తిరిగొచ్చేసరికి మా మూడెకరాల తోట ఉండదేమోనని అంత భయం. నాయిననే అడిగేశాను.

"నువ్వొచ్చేదాంక తోట జోలికి ఎవ్వల్ని రానియ్య. ఏడాదే గదా, కండ్లు మూసి తెరిసేలోపట ఒడుస్తది. పోయి మంచిగ నేర్సుకొని రా," అన్నాడు.

నేను చేరింది నది ఒడ్డున, కొండవాలంతా ద్రాక్ష పెంచే చిన్న ఊరి కాలేజీలో. అక్కడ పందిళ్లు లేవు, వరుసగా గుంజలు, వాటికి కట్టిన తీగలు. మొదటి నెలంతా నా కంటికి ఏదీ ఆనలేదు. ఇంత చిన్న గుత్తులా, మా అనాబ్‌షాహి గుత్తి ఒక్కటి తెచ్చి చూపిస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయి అనుకునేదాన్ని. కాలేజీ తోట చూసుకునే ముసలాయనకు ఆ మాట చెప్పాను కూడా. నాకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో ఆయనకేం అర్థమైందో, తల ఊపి ఊరుకున్నాడు.

నవంబరులో ఒక వారం గడ్డకట్టే చలి పట్టింది. ఆ తర్వాత తోటకు వెళ్లి చూస్తే కొండంతా ఒక్క ఆకు లేదు. వట్టి కట్టెలు. మా దగ్గర ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మనమే తీగను కత్తిరిస్తాం. తనంతట తాను ఆకులన్నీ రాల్చిందంటే దాని పని అయిపోయినట్టే. చలిదేశాల్లో ద్రాక్ష నిద్రపోతుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. కళ్లెదుట చూసేసరికి ఆ చదువంతా ఎటు పోయిందో! ఎవర్నీ అడగకుండా ఫోన్ బూత్‌కు పరుగెత్తి ఇంటికి ఫోన్ చేశాను.

"నాయినా, ఇక్కడ తోటలన్ని సచ్చిపోయినయి," అంటూ ఏడుపు అందుకున్నాను.

 

"ఏడ్వకు బిడ్డా," అన్నాడు. గొంతు బొంగురుగా ఉంటే, లైన్ బాగాలేదనుకున్నాను. "గోటితోని బెరడు గీకి సూడు. లోపట పచ్చగుంటె పానమున్నట్టే. మళ్ల సిగురొస్తది. పరేషాన్ గాకు."

వెళ్లి గీకాను. లోపల లేతపచ్చ. ముసలాయన నన్ను చూసి కడుపుబ్బ నవ్వి, చెంప కింద రెండు చేతులూ పెట్టుకుని నిద్ర నటించి చూపించాడు. మరుసటి వారం నాయినకు ఆ సంగతి చెప్పాను.

"చెట్లకు సుత నిద్రుంటదా? మనయి పాపం ఒక్కనాడన్న పండుకోలె," అన్నాడు.

ఆ చలికాలం నాకెంత నచ్చిందో! వేళ్లు కొంకర్లు పోతుంటే తీగలు కత్తిరించడం, మధ్యలో ముసలాయన ఫ్లాస్కులోంచి పోసిచ్చే వేడి టీ. ఇప్పటికీ ఎక్కడైనా కత్తెర చప్పుడు వింటే మనసు ఆ కొండ మీదికి పోతుంది. నాయిన కోసం అలాంటి కత్తెరే ఒకటి కొన్నాను, ఎర్ర పిడిది.

ఏప్రిల్లో అక్కడ మొగ్గలు విచ్చుకున్నాయి. మన కత్తిరింపు అయ్యిందా అని ఫోన్లో అడిగాను.

"ఈయేడు పండుకోనిచ్చిన బిడ్డా. నువ్వే జెప్పినవ్ గదా," అన్నాడు నాయిన.

నాకు ఒళ్లు మండింది. మన ఎండల్లో తీగ నిద్రపోదని, ఈ కత్తిరింపు తప్పితే పంట రాదని పెద్ద పాఠం చెప్పాను. అంతా విని, "సరే తియ్," అన్నాడు.

ఏడాది నిండాక తిరిగొచ్చాను. బేగంపేట విమానాశ్రయంలో దిగి, హకీంపేట దాటి మా దారిలోకి మళ్లగానే పందిరి కోసం చూశాను. లేదు. నేలంతా చదును చేసి ఉంది. మా రాతి కడీలనే ప్లాట్ల మూలమూలనా పాతి, సున్నం పూసి, ఎర్రరంగుతో అంకెలు వేశారు.

మాట తప్పాడని, పైగా ఫోన్లో అబద్ధాలాడాడని నాయినతో మాట్లాడటం మానేశాను. కత్తెర పెట్టెలోనే ఉండిపోయింది. మూడో రోజు అమ్మకు ఓపిక నశించింది.

"ఏందే నీ అలక? మూడు బోర్లేసినా సుక్క నీళ్లు పడకపాయె, ఏం జేస్తడు, ప్లాట్లోళ్లకు అమ్మిండు. ఆకులు రాలినయని నువ్వు ఫోన్ల ఏడిస్తివి సూడు, గా పొద్దుగాలనే మన తోట కొట్టిన్రు. ఇంటికొచ్చి బువ్వ గూడ తినక గోడకానుకొని కూసున్నడు. గప్పుడే నీ ఫోనొచ్చింది."

 ఎవరి తోటల కోసమో ఏడ్చి, నాయిన చేతే ఓదార్పించుకున్నాను. కత్తెర తీసి, వాకిట్లో కూర్చున్న నాయిన చేతిలో పెట్టాను. రెండుసార్లు తెరిచి మూశాడు.

"మస్తున్నది," అన్నాడు.

"కొట్టిననాడు మన తీగలు లోపట పచ్చగుండెనా, నాయినా?" అని అడిగాను.

కత్తెర కొసను బొటనవేలితో తుడుస్తూ, "పచ్చగనే ఉండె బిడ్డా," అన్నాడు.