మట్టి రుచి

మా బావి లోతు చేయడానికి వచ్చిన మేస్త్రీ, కింద నీటి జాడ ఉందో లేదో తెలుసుకోవడానికి మట్టిని నాలుకకు అద్దుకుని రుచి చూడందే గడ్డపార ఎత్తేవాడు కాదు. ఆ ఏడు దసరాకే నీళ్లు అడుగంటాయి. చేలో పసుపు నిలబడి ఉంది.

బావి అడుగున మేస్త్రీ మా నాయినకు గోడ చూపించాడు. “పటేలా, కిందున్నయి నత్తగుల్లలు. ఒకప్పుడు గీడ వాగు పారింది. మీదున్నయి సున్నపు గడ్డలు. వానలు తక్కువై వాగు ఎండింది.”

“ఎన్నేండ్లు ఎండింది?” నాయిన అడిగాడు.

మేస్త్రీ నడుము దగ్గర మొదలైన ఆ తెల్లటి పొర అతని తల దాటి పోయింది. “గింత పేరుకోవాల్నంటే ఎన్ని తరాలు పోయినయో!”

నాయిన మెడ ఎత్తి ఒడ్డు వైపు చూశాడు. “పసుపు తవ్వనీకి ఇంకా మూడు నెలలున్నయి. ఇడిసిపెట్టి యాడికి పోత? జర ఇంకో గజం తవ్వు.”

ఆ ఒక్కసారి మేస్త్రీ మట్టి రుచి చూడలేదు. గడ్డపార ఎత్తాడు.