ఫ్రిజ్జులో వెనక వరస

మా మరిది పోయినాడని గుంతకల్లు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పెరుగు కోసం ఫ్రిజ్జు తలుపు తీసి నిలబడి ఉన్నాను. అవతల ఆయన కూతురు ఏడుస్తాంది. "ఎప్పుడమ్మా?" అని అడిగినాను. అడిగినాను గానీ, నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట వేరే. ఇంక ఈ ఫ్రిజ్జులో ఆయన అంటించిన దీపాల పట్టీ పాడైతే ఎవరు వేస్తారు అని. ఈ మాట రాయకుండా దాచుకోవచ్చు. డెబ్భై నాలుగేండ్లు వచ్చినాక కూడా మంచిదాన్ని అనిపించుకోవాలని రాస్తే, అది మరిది మీద రాసినట్టు కాదు, నా మీద రాసుకున్నట్టు.

ఆయన నా భర్తకు తమ్ముడు. రైలుపెట్టెల్లో దీపాలు, ఫ్యాన్లు చూసే ఎలక్ట్రీషియను. నౌకరీ అయిపోయినాక, చివరి ఎనిమిదేండ్లు ఒకటే పని చేసినాడు. బంధువుల ఇండ్లకు పోయి ఫ్రిజ్జుల లోపలి వెలుతురు బాగుచేయడం. ఎవరూ పిలిచేవాళ్లు కాదు, తానే పోయేవాడు. ఎందుకు మొదలుపెట్టినాడో మా చుట్టాలందరూ తమకు తెలుసని అనుకుంటారు. వాళ్లకు తెలిసింది సగం. మిగతా సగం నాకు తెలుసు. అది ఆయనకు చెప్పాలని ఎనిమిదేండ్లు అనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. వినాల్సిన మనిషి పోయినాక చెప్పడంలో ఉన్న సుఖం ఇంకెప్పుడూ ఉండదు.

ఆయన భార్య, మా యారాలు, మెత్తని మనిషి. తోటికోడళ్లం అయినా మా మధ్య ఒక్క జగడం లేదు. జగడానికి ఇద్దరు కావాల, ఆమె ఎప్పుడూ రాలేదు. వాళ్ల ఫ్రిజ్జు వంటింట్లో కాదు, వచ్చినోళ్లకు కనపడేటట్టు హాల్లో, తలుపుకు ఎదురుగా ఉండేది. పైన అల్లిక గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. లోపల మాత్రం చీకటి. బల్బు పోయి ఏడాది దాటింది.

"రైలంతా వెలిగించి వస్తావు, ఈ ఒక్క బల్బు పట్టదా నీకు?" అని ఆమె అడిగేది.

"చెయ్యి పెడితే గిన్నె తగల్తుంది గదా. దానికి మళ్లా దీపమెందుకే? లోపల కూర్చోని చదువుకుంటావా?" అనేవాడు ఆయన. అక్కడుంటే నేనూ నవ్వేదాన్ని. బాగా అన్నాడనే అనిపించేది.

ఆమె తన చిన్న ఫోను టార్చి వేసి, పండ్లతో కరిచి పట్టుకుని, రెండు చేతులతో గిన్నెలు జరుపుకునేది. నోట్లో ఫోను ఉంటే మాట్లాడలేదు కదా. ఆ ఇంట్లో అది పెద్ద తేడా అని ఎవరికీ అనిపించలేదు.

ఇంక నాకు తెలిసిన ఆ మిగతా సగం. అది ఒక కూర సంగతి. ఉగాది మరుసటి రోజు మా వైపు మాంసం వండుకునే పండగ. ఎనిమిదేండ్ల కిందట ఆ పండక్కి నేను నాటుకోడి పులుసు చేసినాను. చింతపండు చాలక పచ్చి మామిడికాయ ముక్కలు వేసినాను. ఆ రోజు మరిది ఒక్కడే పామిడికి, మా ఇంటికి వచ్చినాడు, యారాలికి మోకాళ్ల నొప్పి. రెండుసార్లు వేయించుకుని తిని, "కోడికీ మామిడికాయకూ పెండ్లి చేసింది లోకంలో నువ్వొక్కదానివే వదినా" అన్నాడు. ఇంట్లో మిగతావాళ్లకు నచ్చలేదు. బోలెడు మిగిలింది.

మూడో రోజు కంటి డాక్టరు దగ్గరికని నేను గుంతకల్లు పోవాల్సి వచ్చింది. పారేయడానికి చెయ్యి రాలేదు. ఒక ఏడు వాన వస్తే రెండేండ్లు రాని నేల మీద పుట్టినోళ్లం, మెతుకు పారేస్తే ఒళ్లు మండుతుంది. ఆ మిగిలిన కూర నా పేరు కొట్టించిన స్టీలు గిన్నెలో పోసి తీసుకుపోయినాను. గిన్నెలు ఊరిమీదికి పోయి మళ్లా ఇల్లు చేరాలంటే పేరు కొట్టించాల్సిందే, అది మా అందరి అలవాటు. మరిది ఇంట్లో లేడు. యారాలి చేతికి గిన్నె ఇచ్చి, "పొద్దున్నే చేసినా" అన్నాను.

అంతే. అది నేను ఆడిన అబద్ధం. మిగిలింది తెచ్చినానంటే నామర్దా అనుకున్నాను. రెండే మాటలు.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. ఇంట్లో పాతది అయిపోతే గానీ కొత్తది ముట్టదు. నేనిచ్చింది కొత్తది కదా! అందుకని దాన్ని వెనక వరసలో పెట్టి, ముందున్న అలసంద కూర, నిన్నటి పప్పు, మొన్నటి వంకాయ ఒక్కొక్కటే తింటూ వచ్చింది. అన్నిటికన్నా పాతది వెనక చీకట్లో కొత్తదాని గౌరవంతో కూర్చుంది. ఎండాకాలం, కరెంటు పోతాంది, వస్తాంది. ఇంకో మూడు రోజులకు ఆమె దాన్ని బయటికి తీసింది. పుల్లగా ఉంటే మామిడికాయ అనుకుని ఉంటుంది. మధ్యాహ్నం మొదలైన వాంతులు, మరుసటి మధ్యాహ్నానికి మనిషి లేదు. చక్కెర జబ్బు కూడా ఉండె. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది.

శవం ముందర అందరూ కూర్చుని ఉంటే, ఎవరో ముసలామె "ఏం తినిందో ఏమో" అన్నది. ఆ మాట ఇంకో అడుగు ముందుకు పోకముందే నేను లేచి నిలబడి, మరిది ముఖం మీద అన్నాను.

"ముక్కూ ముఖం తెలియని వాళ్లకు రైళ్లలో దీపాలు పెట్టినావే, కట్టుకున్నదానికి ఒక్క బల్బు పెట్టలేకపోతివి. ఆమెను చంపింది ఆ చీకటే."

నేను ముప్పై ఏండ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. గొంతు వెనక బెంచీ దాకా పోతుంది. ఆ మాట ఆ హాలు దాటి, ఆ వీధి దాటి, శింగనమలలో ఉన్న చుట్టాల దాకా పోయింది. ఏం తినింది అన్న ప్రశ్న అక్కడే చచ్చిపోయింది. మరిది తల ఎత్తలేదు. "నిజమే వదినా" అన్నాడు. అంత పచ్చి మాటకు అంత చిన్న జవాబు నేను ఎప్పుడూ వినలేదు.

దినాలు అయినాక ఒక పొద్దున ఆయన మా ఇంటికి వచ్చినాడు. చేతిలో గుడ్డసంచి. మంచినీళ్లు కూడా అడగకుండా నా ఫ్రిజ్జు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని తలుపు తీసినాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"ఈడికి రా వదినా. నువ్వు బడిలో చెప్తివి గదా వెలుతురు తిన్నగా పోతుందని. మీద మూల ఒక్క బల్బు. దాని ముందర నీ పాలగిన్నె. వెనక ఏముండాదో చెప్పు చూస్తాం."

చెప్పలేకపోయినాను. ఏండ్ల తరబడి కొవ్వొత్తి, మూడు అట్టముక్కలు పెట్టి పిల్లలకు అదే పాఠం చెప్పినాను. నా పాలగిన్నె నీడ మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు.

ఆయన చేసిన పని చిన్నదే. లోపల తలుపు దగ్గర, కుడి ఎడమ రెండు అంచులకూ మీది నుంచి కింది దాకా సన్నని దీపాల పట్టీలు అంటించినాడు. వెలుతురు మన కండ్లలో పడకుండా వెనక్కి తిరిగి ఉంటుంది. తేమ తగలకుండా మీద గమ్ము పూసినాడు. తలుపు మూస్తే ఆరిపోవాల, అందుకని పాత స్విచ్చికే తగిలించినాడు. అయినాక పేపరు చింపి ఒక్కో అరలో గోడకు ఆనించి ఒక్కో ముక్క పెట్టినాడు.

"నిలబడి చదువు. వంగకూడదు."

చదివినాను. కింది అరలో రెండు అక్షరాలు తప్పినాను. మళ్లీ పట్టీ జరిపినాడు. అదీ ఆయన పద్ధతి. ఇంటి ఆడమనిషి నిలబడి, వంగకుండా, అన్నిటికన్నా వెనకున్న ముక్క చదవాల. చదివేదాకా ఆ ఇంటి నుంచి కదలడు. కండ్లద్దాలు పెట్టుకుంటే ఒప్పుకోడు. "అద్దాలు పెట్టుకుని ఫ్రిజ్జు తీసే ఆడది యాడుంటుంది?" అనేవాడు.

నెల తర్వాత మళ్లీ వచ్చి అన్నీ పీకినాడు. ఆ పట్టీలు నీలం తెలుపు, వాటి కింద ఏది చూసినా తళతళలాడుతుంది. "ఇది పెండ్లిపందిట్లోకి పనికొస్తాది వదినా, ఈడికి గాదు. బూజు బూజుగానే కనపడాల" అని కొంచెం పసుపుపచ్చ వెలుతురువి వేసినాడు. నిజమే, ఆ రోజు నా ఫ్రిజ్జులో పుదీనా పచ్చడి ఒకటి తన వయసు తాను చెప్పుకుంది.

అప్పటి నుంచి ఇల్లిల్లూ తిరిగినాడు. ఎగతాళి చేయని ఇల్లు లేదు. ఒక ఇంట్లో అత్తగారు, "ఎందుకప్పా ఇంత వెలుగు? నేను దాచింది కోడలికి కనపడాలనా?" అని నిజంగానే పోట్లాడింది. ధర్మవరంలో ఒక అల్లుడు పదిమందిలో అన్నాడు, "ఏం మామా, పెండ్లాం పోయినాక గుర్తొచ్చిందా దీపం పెట్టాలని?"

మరిది గమ్ము పూస్తూనే జవాబు చెప్పినాడు. "అవునప్పా. నీది ఇంకా ఉండాది గదా, అందుకే వచ్చినా."

ఈ కథ మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. చివర "పాపం, వాళ్ల వదిన అన్న మాట మనిషిని అట్లా చేసింది" అంటారు. నన్ను మెచ్చుకున్నట్టే అంటారు. ఒక్క మాటతో మనిషిని మార్చిన టీచరమ్మను కదా!

ఏడాదికి రెండుసార్లు పట్టీలు చూడటానికి మా ఇంటికి వచ్చేవాడు. అన్నం మాత్రం తినేవాడు కాదు. టీ తాగేవాడు. నా మాట ఇంకా గుచ్చుకుంటాందేమో అనుకునేదాన్ని. ఒకసారి మనసు గట్టి చేసుకున్నాను. ఆయన ఫ్రిజ్జులో తల పెట్టి ఉన్నాడు. వీపుకు చెప్పడం తేలిక అనిపించింది.

"ఏమప్పా, నీకొక మాట చెప్పాల. యారాలు తినిన ఆ కూర..."

"వదినా, ఆ పేపరు ముక్క చదువు" అన్నాడు లోపల్నుంచి.

చదివినాను. శనక్కాయల ధరలు. అట్లా తప్పించుకున్నాను. మాట మింగిన నాకు ఆ రోజు ఆకలి కూడా బాగా వేసింది.

పోయిన నెల నిద్రలోనే గుండె ఆగి పోయినాడు. దినాలు అయినాక, చుట్టాలు బస్సులు ఎక్కుతుండగా, ఆయన కూతురు నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నీ గిన్నె ఒకటి మా ఇంట్లో ఉండాది. నాయన చానా సార్లు చెప్పినాడు, నాకేమన్నా అయితే పెద్దమ్మ గిన్నె పెద్దమ్మకే ఇయ్యాల, ఖాళీగా ఇయ్యకూడదు అని. ఏదో పెట్టే ఉంచినాడు. నేను ముట్టలేదు. ఫ్రిజ్జులో ఉండాది, తీసుకో."

మా వైపు కూర తెచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. గుప్పెడు శనక్కాయలో, బెల్లం ముక్కో వేసి పంపుతారు. యారాలు వేయకముందే పోయింది. నేను గిన్నె అడగలేదు. ఎట్లా అడుగుతాను?

హాల్లో అదే ఫ్రిజ్జు, పైన అదే అల్లిక గుడ్డ. తలుపు తీసినాను. లోపలంతా ఒక్కసారిగా వెలుతురు. కింది అరలో, అన్నిటికన్నా వెనక, గోడకు ఆనుకుని నా గిన్నె. మీద చిన్న మూత. పేరు కొట్టించిన వైపు నాకు ఎదురుగా తిప్పి ఉంది. అద్దాలు సంచిలో ఉన్నాయి. నిలబడి, వంగకుండా, నా పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినాను. ఒక్కటీ తప్పలేదు.

ఆయనకు మొదటి రోజే తెలుసు. మామిడికాయ వేసిన కోడికూర లోకంలో ఒక్కసారే ఉడికింది, దాన్ని ఆయన పండగనాడు నా ఇంట్లో రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. యారాలు తినగా మిగిలింది ఈ గిన్నెలో చూసి ఉంటాడు. శవం ముందర నేను అరుస్తున్నప్పుడు ఈ గిన్నె వంటింట్లోనే ఉంది. "ఇదెవరిది వదినా?" అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. అడగలేదు. దినాలు కాగానే సంచి తీసుకుని అందరికన్నా ముందు నా ఇంటికే ఎందుకు వచ్చినాడో ఇప్పుడు తెలిసింది. ఆ కూర బయలుదేరింది నా ఫ్రిజ్జు నుంచే.

మూత తీసినాను. లోపల శనక్కాయలు లేవు, బెల్లం లేదు. ఇదే ఫ్రిజ్జుది, బొటనవేలంత పాత బల్బు ఉంది, గాజు లోపల నల్లగా మాడింది. గిన్నె నాది. బల్బు ఆయనది. తప్పులో ఆయన వాటా ఆయన వేసుకుని, నాది నాకు తిరిగి ఇచ్చినాడు.

"పెద్దమ్మా, తలుపు వెయ్యి, చల్లదనమంతా పోతాంది" అని వంటింట్లోంచి ఆయన కూతురు కేకేసింది.

వేయలేదు. గిన్నె కొంచెం వంచితే బల్బు అటు నుంచి ఇటు దొర్లి నా పేరు వెనక టక్కుమని ఆగింది. రెండు పక్కల నుంచీ వెలుతురు పడుతుంటే దానికి నీడ కూడా లేదు.