రెండోసారి తీయని రక్తం

ఆరేళ్లుగా మోస్తున్నాను. మోయడం అలవాటైపోయింది, ఇప్పుడు అదే ఎక్కువ భయపెడుతోంది. నా పేరు అడగకండి. అప్పట్లో మదనపల్లెలో ఒక చిన్న ల్యాబులో రక్తం తీసేవాణ్ణి. ఇప్పుడు పుంగనూరులో అదే పని చేస్తున్నాను.

ఆమెను రెడ్డెమ్మ అందాం. టమోటా మండీలో కాయలు ఏరే మనిషి. బీడీ ముట్టి ఎరగదు, అయినా ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు. గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్షకు చాలలేదనీ, మళ్లీ తీస్తే ఆమె తట్టుకోలేదనీ, కుప్పంలో చూసిన డాక్టరు రక్తంలోనే జన్యువుల మార్పు వెతికే పరీక్ష రాశారు. మార్పు దొరికితే ఇంట్లోనే మాత్రలు మింగొచ్చు. దొరక్కపోతే కీమో సెలైన్లు. సెలైన్లంటే ఆమెకు ప్రాణభయం.

నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చాను. ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ పరీక్ష ట్యూబు వేరు. దాన్ని చల్లగా పెట్టకూడదు, గది వేడిలోనే ఉంచి బెంగళూరు పంపాలి. నాకు నేర్పించారు. కానీ మదనపల్లె ఎండల్లో ఏ రక్తం తీసినా ఐసు పెట్టెలో వేయడం నా చేతికి అలవాటు. వేసేశాను. ఆ రోజు కొరియరు బండి తప్పిపోయింది. మర్నాడు పొద్దున తీసి చూస్తే ట్యూబు ఐసుకు అతుక్కుని ఉంది, లోపల రక్తం మంచులా గడ్డకట్టింది.

అలా గడ్డకడితే మంచి కణాలు పగిలి వాటి జన్యువులు బయటికొస్తాయి, వెతికే మార్పు వాటి మధ్య కలిసిపోయి కనబడకుండా పోవచ్చు. అదీ నాకు తెలుసు. ఆమెను మళ్లీ పిలవాలంటే ఓనరు ముందు తప్పు ఒప్పుకోవాలి. వారం ముందే నన్ను ఇన్‌ఛార్జిని చేశాడు. ట్యూబు కరిగేదాకా బల్ల మీద ఉంచి, తుడిచి, పంపేశాను. అక్కడితో ఆగి ఉంటే పొరపాటు అని చెప్పుకునేవాణ్ణేమో. ఆగలేదు.

మార్పు కనబడలేదని రిపోర్టు వచ్చింది. కనబడనంత మాత్రాన లేదని కాదని, అవసరమైతే మళ్లీ చేయించమని కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది. నేను చదివాను. ఆమెకు చదువు రాదు. విషయం చెప్పగానే రెండో చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఇంకోసారి తియ్యప్పా. ఈ చేతిలో సూడు. ఈసారి ఉండాదని వస్తాదేమో."

"యాలమ్మా, ఊరికే పొడిపించుకునేది? ఒకసారి లేదంటే లేదనే."

"సరేలేప్పా. తెలిసినోడివి, నువ్వు చెప్పినాక ఇంకేముండాది."

కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. డాక్టరు రిపోర్టును నమ్మారు. ఎందుకు నమ్మరు? నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. సెలైన్ల కోసం ఆమె కుప్పం బస్సెక్కడం రెండుసార్లు చూశాను, రెండోసారి తల మీద గుడ్డ కట్టుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది. నేను పక్క సందులోకి తిరిగాను. ఏడాది నిండకుండానే పోయిందని మండీలో ఎవరో చెప్పారు.

నేనే చంపానా? ఆ మార్పు ఆమెలో అసలు లేకపోయి ఉండొచ్చు, ఎంతోమందిలో ఉండదు, మాత్రలు వాడినా ఆమె బతికేది కాదేమో, అని ఇన్నేళ్లూ ఆ 'ఏమో'ను పట్టుకునే నిద్రపోయాను. భయమా, పొగరా, బద్ధకమా? మూడూ ఉన్నాయి. ఏది ఎక్కువో తేల్చుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. ఇంతవరకూ నా భార్యకు కూడా చెప్పని మాట మీకు చెప్పాను, గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది, అంతే. ఆమె రక్తంలో ఆ మార్పు ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు. తెలుసుకుందామని ఆమె చెయ్యి చాపింది. వద్దన్నది నేను.