అక్కకు ప్రార్థన రాని నెలలు

మా సంఘంలోని స్త్రీలందరికీ కలిపి ఇప్పుడు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. మొన్న ఆదివారం అందులో ఒక సందేశం వచ్చింది. దూరప్రాంతాల్లో సేవ చేస్తున్న మన మిషనరీ సహోదరీలను విశ్వాసంలో ప్రోత్సహిద్దాం, తలా ఒక మంచి మాట పంపండి అని. ఇంకేముంది, మోడ్చిన చేతుల బొమ్మలు, గులాబీలు, సూర్యోదయం మీద అచ్చువేసిన వాక్యాలు వరసగా వచ్చి పడ్డాయి. మా కోడలు నా ఫోన్ తీసుకుని నా తరఫున కూడా రెండు చేతులు పెట్టేసి, "అయిపోయింది అత్తమ్మా" అని తిరిగి ఇచ్చింది. పిల్ల చేసిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎనభైలలో, ఇదే ఆర్మూరులో, ఒక మిషనరీ అక్కను విశ్వాసంలో నిలబెట్టే పని మా మీద పడింది. మా మీద అంటే, వేలిముద్ర తప్ప సంతకం ఎరగని పసుపు కూలీ ఆడవాళ్ల మీద, వాళ్ల మధ్య పదో తరగతి చదివానని తల ఎగరేసుకుని తిరిగే నా మీద. ఇప్పటి వాళ్లకు చెప్తే నవ్వుతారేమో గానీ నా ఈడు వాళ్లకు చెప్పుకోవచ్చు.

నా ఈడు వాళ్లకు ఆనాటి ఆర్మూరును గుర్తుచేయనక్కర్లేదు. చలి వెనక్కి తగ్గి ఎండ ముదురుతుండగా అంకాపూర్ నుంచి, ఏర్గట్ల నుంచి, ముప్కాల్ వైపు నుంచి పసుపు బస్తాల బండ్లు మార్కెట్ దారి పట్టేవి, ఇక ఆ రెండు మూడు నెలలు ఊరంతా ఒకటే వాసన. మా నాయనమ్మ, అమ్మ, చిన్నమ్మ ముగ్గురూ మార్కెట్లో పసుపు రాశి ముందు కూర్చుని కొమ్ములు ఒక పక్కకు, గడ్డలు ఒక పక్కకు ఏరేవాళ్లు. బడి లేని రోజు నేనూ కూర్చునేదాన్ని. మా ఇంట్లో జొన్నరొట్టె మీద పసుపు, నీళ్ల చెంబు మీద పసుపు, నా నోటుబుక్కుల అంచులకు పసుపు. పరీక్షల్లో నా పేపరు ఎక్కడ దిద్దినా, ఆ పంతులుకు నేనే ఊరిదాన్నో ఇట్టే తెలిసిపోయి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను.

అలాంటి ఒక సీజనులోనే అక్క వచ్చింది. కోస్తా జిల్లాల మనిషి, పాతికేళ్లు దాటి ఉంటాయేమో, పెళ్లి మాట తలపెట్టకుండా సేవకే వచ్చింది. తెల్ల చీర, బొట్టు లేని నుదురు, చేతికి గడియారం తప్ప గాజు లేదు. చూసిన వాళ్లందరూ పాపం చిన్న వయసులోనే మొగుడు పోయిందనుకున్నారు. వేలం మొదలయ్యే వేళకు ఎదురొస్తే కొందరు సేట్లు మొహం తిప్పుకునేవాళ్లు కూడా. అక్కకు అవేవీ తెలియవు. మధ్యాహ్నం కూలీలు రేకుల షెడ్డు కింద సద్ది విప్పుకునే వేళకు పాటల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి మా మధ్యనే కింద కూర్చునేది. మొదటి వారంలోనే చీర కుచ్చిళ్లకు పసుపు అంటుకుంది, సబ్బు పెట్టి రుద్దింది, మరక కాస్తా ఎర్రగా తిరిగింది. బెదిరిపోయి మర్నాడు మా అమ్మకు చూపిస్తే, తడిపి ఎండలో పడేయమని, పసుపు మరకకు ఎండే మందని మా అమ్మ చెప్పింది. ఆర్మూరులో అక్క నేర్చుకున్న మొదటి పాఠం అది.

ఆమె పాడితే వినేవాళ్లం, కథ చెబితే వినేవాళ్లం. చివర్లో ఎప్పుడూ ఒకే మాట చెప్పేది, మారుమనస్సు పొందండి, ఆలస్యం చేయకండి అని. మా వాళ్లు ఆ మాట ఎన్నడైనా విన్నారా? మారుమనువు తెలుసు. మొగుడు పోయిన ఆడది మళ్లీ పెళ్లాడితే అది మారుమనువు, మా వాడలో మామూలు సంగతే. తెల్ల చీర కట్టుకున్న పిల్ల రోజూ వచ్చి, సిగ్గు విడిచి మారుమనువు మారుమనువు అంటుంటే మా నాయనమ్మకు కడుపు తరుక్కుపోయింది. నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు పాట అయ్యాక అక్క చేయి పట్టుకుంది.

"బిడ్డా, సిగ్గువడకు. మారుమనువు అడుగుడు తప్పేంగాదు. మా అంకాపూర్ల తమ్ముని వరసాయన ఒకడున్నడు, పెండ్లాం సచ్చిపోయి రెండేండ్లాయె. బండున్నది, ఎడ్లున్నయి. తాగుడు జరంతనే."

అక్కకు సగం అర్థమై సగం కాక, "అయ్యో, మనువు కాదమ్మా, మనసు! మనసు మారాలంటున్నాను!" అంది.

"మనసు మారిందనే గదనే నేను సంబంధం తెచ్చింది!" అంది మా నాయనమ్మ.

షెడ్డు దద్దరిల్లేలా నవ్వారు ఆడవాళ్లు. విషయం బోధపడ్డాక అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ రోజు నుంచి అక్క మా మనిషైపోయింది. నిజం చెప్పాలంటే మా వాడలోకి సువార్త వచ్చింది ఆ నవ్వుతోనే, అంతకుముందు చెప్పిన ప్రసంగాలతో కాదు. అంకాపూర్ బండాయన సంగతి మాత్రం నాయనమ్మ బతికినన్నాళ్లూ ఎత్తుతూనే ఉండేది, అక్క ఉడుక్కుంటే చూడాలని. వారానికొక సాయంత్రం మా ఇంటి ముందు ప్రార్థన కూటం మొదలైంది. ఇంకా ఎవరమూ బాప్తిస్మం దాకా రాలేదు గానీ, అక్క కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఎదురుగా ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉండేది. ఆమె ప్రార్థన కోసమే చాలామంది వచ్చేవాళ్లు, నేనూ అందుకే వచ్చేదాన్ని.

మా చిన్నమ్మకు ఒక్కతే బిడ్డ, ఐదేళ్లది. అది అక్క సంచిలోంచి పాటల పుస్తకం లాగి తలకిందులుగా పట్టుకుని పాడేది. రెండో ఏడు వానలప్పుడు దానికి జ్వరం పట్టింది. ఆర్మూరులో మందులు వాడినా తగ్గకపోతే నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోదామని చిన్నమ్మ, అక్క బయలుదేరారు, సంచి మోయడానికి నేనూ వెంట వెళ్లాను. పిల్ల అక్క ఒడిలోనే ఉంది. బస్సు ఎక్కే ముందు, ఏడుస్తున్న చిన్నమ్మతో అక్క ఒక మాట అంది. "నీ బిడ్డ బతుకుతుంది, దేవుడు నాకు మాటిచ్చాడు" అంది. దారి పొడవునా పెదవులు కదుపుతూనే ఉంది. నిజామాబాద్ ఇంకా రాకముందే పిల్ల పోయింది. అక్క ఒడిలోనే పోయింది. అక్కకు తెలుసు, నాకూ తెలిసింది, చిన్నమ్మకు మాత్రం బస్సు దిగేదాకా చెప్పలేకపోయాం.

ఆ తర్వాత అక్క ప్రార్థన మానేసింది. మానేసింది అనడం కూడా సరికాదు, ఆమెకు రావడం ఆగిపోయింది. కూటానికి వచ్చేది, పాడేది, వాక్యం చదివేది. ప్రార్థన వేళకు మాత్రం తల దించుకుని, "నువ్వు చెయ్యమ్మా" అని పక్కనున్న వాళ్లకు అప్పగించేది. మొదట్లో మాకు నేర్పడానికే అలా చేస్తుందనుకున్నాం. కానీ పసుపు ఏరే ఆడవాళ్ల చూపు ఊరికే పోదు, రాశిలో పుచ్చుకొమ్మును పట్టే కళ్లవి. మూడో వారానికే మా అమ్మ నాతో, "అక్క ప్రార్థన జేస్తలేదు, సూసినవా? లోపట ఎండిపోయింది" అంది. చిన్నమ్మ అప్పటికే కూటానికి రావడం మానుకుంది. ఆ కోపం న్యాయమైనదేనని అందరమూ ఊరుకున్నాం.

ఇక మా వాళ్లు అక్కను బాగుచేయడానికి పూనుకున్నారు. మా అమ్మ ఇంట్లో ఏం వండినా ఒక గిన్నెడు తీసి ఆమె గదికి పంపేది. నాయనమ్మ అయితే ఇదంతా దిష్టి అని తేల్చి, ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని అక్క చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఒక మిషనరీకి దిష్టి తీయడం ఏమిటని నేను సిగ్గుతో చచ్చిపోయాను. అక్క మాత్రం చిన్నపిల్లలా కదలకుండా నిలబడి తీయించుకుంది. నేను చేసిన ఘనకార్యం ఇంకొకటి ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె గదికి వెళితే అక్క తనను సేవకు పంపిన పై వాళ్లకు ఉత్తరం రాస్తోంది, వెనక్కి పిలిపించుకోమని. చదువుకున్నదాన్ని కదా, ధైర్యం గురించీ నిరీక్షణ గురించీ ఆమె మాకు నేర్పిన వాక్యాలన్నీ ఒకటొకటిగా ఆమెకే అప్పజెప్పాను. అక్క ఓపిగ్గా విని, "అవన్నీ నాకూ వచ్చమ్మా" అంది. "చేయని వాగ్దానం ఆయన చేశాడని మీ చిన్నమ్మకు చెప్పాను. ఇంకే మొహం పెట్టుకుని ఆయనతో మాట్లాడను?" అంది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, అమ్మ వెళ్లి చిన్నమ్మకు చెప్పింది.

ఆ వారం కూటానికి చిన్నమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాం, అక్క కూడా అదే అనుకుందేమో, తిట్లు పడటానికి సిద్ధమైనట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిన్నమ్మ అందరినీ దాటుకుంటూ వచ్చి అక్క పక్కన చోటు చేసుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ తాను రాకపోవడం కోపంతో కాదని, తన మొహం చూస్తే అక్కకు బిడ్డ గుర్తొస్తుందని రాలేదని చెప్పింది. తర్వాత ప్రార్థన అంటే ఏమిటో తానెరిగినంతలో మొదలుపెట్టింది. మా అక్క పరలోకమందున్న తండ్రీ అని నేర్పేది. చిన్నమ్మ కన్నతండ్రిని పిలిచినట్టు బాపూ అని పిలిచింది.

"బాపూ, నా బిడ్డ నీ తాననే ఉన్నది, దాని ఫికర్ నాకు లేదు. గీ అక్కను సూడు, గీమె గూడ నీ బిడ్డనే. మా కోసం మొక్కి మొక్కి అలిసిపోయింది. నోరు జారి ఒక్క మాట ఎక్కువన్నది, అంతే గదా, బిడ్డ మీద పావురంతోటి, ప్రేమతోటి అన్నది. గామెను ఏమనకు. ఆమెకు మాటొచ్చేదాంక ఆమె మాట గూడ నేనే మాట్లాడుత. ఆమెను ఊకె కూసోనియ్యి."

అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజే ఆమెకు ప్రార్థన తిరిగి వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ రాలేదు. వానలు పోయాయి, చలి వచ్చింది, మళ్లీ పసుపు ఉడికే రోజులు వచ్చాయి. అన్ని నెలలూ కూటం జరిగింది, చిన్నమ్మ ప్రతివారం వచ్చి అక్క పక్కనే కూర్చుని ఇద్దరి తరఫునా మాట్లాడింది, అక్క ఊరికే కూర్చుంది. ఎవరూ ఏమైందని అడగలేదు, తొందరపెట్టలేదు. ఉత్తరం ఏమైందో నేనడగలేదు, ఆమె మాత్రం పోలేదు. ఒకనాడు చిన్నమ్మకు గొంతు బొంగురుపోయి మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోతే, ఆ ఖాళీలో అక్క గొంతు వినిపించింది. "బాపూ" అంది. ఆ ఒక్క మాటే, అంతకుమించి ఏమీ అనలేదు. కోస్తా మనిషి నోట మా మాట. మరుసటి వారం ఇంకో రెండు మాటలు. అలా అలా వచ్చింది. ఆ మరుసటి ఏడు చిన్నమ్మ, అమ్మ, నేను గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు ప్రార్థన చేసింది అక్కే. మునుపటి ధార లేదు, తడబడుతూ చేసింది. మునుపటికంటే నాకు అదే నచ్చింది.

తొంభైల నడుమ ఆమెను వేరే జిల్లాకు పంపారు. కొన్నేళ్లు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. ఎక్కడ ఉందో, ఉందో లేదో కూడా తెలియదు. తెల్ల చీర ఎక్కడ కనబడ్డా ఇప్పటికీ మొహం చూడకుండా ఉండలేను.

ఈ రోజుల్లో సేవకు వచ్చే అమ్మాయిలకు బండ్లున్నాయి, మైకులున్నాయి, నెలనెలా పై వాళ్లకు ఫోటోలతో సహా రిపోర్టులు పంపుతారు. మంచిదే. కానీ అలిసిపోయానని రాయడానికి ఆ కాగితాల్లో చోటు ఉన్నట్టు లేదు. వాళ్ల సంగతి ఎందుకు, నా సంగతే చెప్తాను. మా ఆయన పోయి మూడేళ్లయింది. సంఘంలో పెద్దదాన్నని ప్రతి కూటంలో మొదటి ప్రార్థన నాకే ఇస్తారు. లేచి నిలబడతాను, మాటలు ఎక్కడా తడబడకుండా వస్తాయి, అందరూ ఆమెన్ అంటారు, కొందరు కళ్లు కూడా తుడుచుకుంటారు. లోపల మాత్రం మూడేళ్లుగా ఏమీ లేదు. అక్కకు మాట ఆగిపోయింది గనుక మా వాళ్లు పసిగట్టారు. నా మాట ఆగదు, అందుకే ఎవరికీ తెలియదు. చిన్నమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. వచ్చే వారం కూటంలో నా పేరు పిలిచినప్పుడు, నాకు రావడం లేదమ్మా అని చెప్పి కూర్చుండిపోదామని ఆదివారం నుంచి అనుకుంటున్నాను. అప్పుడు నా పక్కకు ఎవరు జరిగి వస్తారో చూడాలని ఉంది.