పడవలో లొరెట్టా చోటు

మా గ్యానెట్ రేవులో, జాలర్ల హాలు గోడకి ఆనించిన బొమ్మ ఒకటి నోరు తెరిచి, "అది నా చోటు!" అని అరిచింది. నా చెవులతో నేను విన్నాను.

సరే, అరిచింది బొమ్మ కాదు. దాని ముందు నిలబడ్డ మనిషి. అయితే ఏంటి? ఆ బొమ్మే లేకపోతే అతను చచ్చేదాకా నోరు విప్పేవాడు కాదు. కాన్వెంటు బడిలో సిస్టర్లు అబద్ధం పాపమని బెత్తంతో నేర్పారు. నిజాన్ని కాస్త సాగదీయడం గురించి మాత్రం ఏమీ అనలేదు.

బొమ్మ వేసింది ఫిలొమీనా. న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ తీరాన పుట్టిన ఆడవాళ్లందరిలాగే ఆమె కూడా కాడ్ చేపలకు ఉప్పు పట్టించి ఎండబెడుతూ బతికింది. చలికాలం వస్తే బొమ్మలు వేసేది. రంగంటే, మేం చేపల పాకలకు పూసే ఎర్రమట్టి, కాడ్ నూనెలో కలిపింది. అది ఓ పట్టాన ఆరదు. ఆ వాసనకి ఊళ్లో పిల్లులన్నీ ఆమె గుమ్మంలోనే కాపురం పెట్టేవి.

సముద్రంలో పోయిన మగవాళ్ల బొమ్మలన్నీ హాల్లో ఆమె వేసినవే. పడవలో ఎవరి చోట వాళ్లు కూర్చున్నట్టే వెయ్యాలి. పడవలో చోటున్నవాళ్లకే గోడ మీద చోటు. ఊరికే ఎక్కినవాళ్లకు లేదు. ఎవరి పడవ సంగతి వాళ్లే చెప్పాలి, ఇంకొకరు నోరెత్తకూడదు. అదీ మా కట్టుబాటు.

ఒక నవంబరులో గస్ పడవ తిరగబడింది. గస్ ఒక బండను పట్టుకుని బతికాడు. అతని భార్య లొరెట్టా దొరకలేదు. ఆమె ఫిలొమీనాకు అక్క. శవం లేదు కాబట్టి సమాధీ లేదు. ఇక మిగిలింది ఆ గోడే.

ఫిలొమీనా హాలు పెద్ద లియాండర్ దగ్గరికి వెళ్లింది.

"మా అక్క బొమ్మ పెట్టాలి, పెద్దాయనా."

"ఆడది పడవెక్కడమే అరిష్టం. ఇప్పుడు గోడ కూడా ఎక్కిస్తావా?"

"రోజూ ఎక్కింది. ఊరంతా చూసింది."

"ఊరి మాట నాకెందుకు? పడవ ఎవరిదో వాణ్ణి అడుగు."

గస్ పొయ్యి ముందు తల దించుకుని కూర్చున్నాడు. "దీవి మీద పళ్లు కోసుకుంటానంది. ఎక్కించుకున్నా. అంతే."

"మంచులో పళ్లేంటి బావా?"

గస్ పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. ఆడదాని చేతి కింద పడవ నడిచిందని ఒప్పుకుంటే, ఈ రేవులో మళ్లీ ఎవడూ అతని మొహం చూడడు.

ఫిలొమీనా ఇంటికొచ్చి, విరిగిన పాక తలుపు ఒకటి తెచ్చుకుని దాని మీద మొదలుపెట్టింది. ముఖం రాలేదు. గీకేసింది. మళ్లీ వేసింది, మళ్లీ గీకింది. ఇంట్లో ఉన్నది ఒక్క పెళ్లి ఫోటో, అందులో లొరెట్టా ముఖం సగం ముసుగులోనే ఉంది. నేను రొట్టె పట్టుకెళ్తే గుమ్మంలోనే నా చొక్కా పట్టుకుంది.

"అన్నా, మా అక్క కళ్లు ఏ రంగు? ఆ ముఖం నా గుర్తులోంచి పోతోంది అన్నా, రోజురోజుకీ పోతోంది. నువ్వు చూశావుగా?"

రోజూ రేవులో చూసిన మనిషి. నాకూ తెలియలేదు. ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

పోయినవాళ్లకోసం పెట్టిన ఆదివారం పూజ అయ్యాక, ఫిలొమీనా ఆ తలుపును మంచులో ఈడ్చుకుంటూ హాలుకు తెచ్చి గోడకి ఆనించింది. రంగు ఇంకా తడిగానే ఉంది. బొమ్మలో దవడ బిగించి, చలికి పగిలిన చేతులతో, పడవ ముందు కొనన లొరెట్టా. అలను చూసి కాదు, అల తనను చూసి జంకాలన్నట్టు కూర్చుంది.

"తీసెయ్యి," అన్నాడు లియాండర్. "గస్, ఇది అబద్ధమని చెప్పరా, తీరిపోతుంది."

గస్ ముందుకొచ్చాడు. ఫిలొమీనా తలుపును రెండు చేతులా పట్టుకుంది. తడి రంగులో ఆమె వేళ్లు జారుతున్నాయి.

"అబద్ధమే," అన్నాడు గస్. బొమ్మ మీంచి చూపు మాత్రం తిప్పుకోలేకపోయాడు. "అబద్ధం. అది ముందు కొన. అది నా చోటు! లొరెట్టా చోటు వెనక, చుక్కాని దగ్గర. ఎప్పుడూ చుక్కాని దగ్గరే. వదిలేసి ఈదమన్నాను. వదల్లేదు."

తర్వాత అతను నేల మీద కూలబడ్డాడు. లియాండర్ టోపీ తీసి, "చోటు మార్చి వేసుకురా అమ్మాయ్, పెడదాం," అన్నాడు.

ఫిలొమీనా కావాలనే తప్పు చోట వేసిందని నా వాదన. మొన్న ఆమె చేపలు తిరగేస్తుంటే పక్కన నిలబడి ఈ కథంతా చెప్పాను.

"ఒక్క ముక్క నిజం లేదు," అంది. "నేను ఏ ఎత్తూ వెయ్యలేదు. మా అక్క ఎక్కడ కూర్చునేదో నాకు తెలియదా? గస్ బావ ఏమీ అనలేదు. బొమ్మలో అక్క మొదటి నుంచీ చుక్కాని దగ్గరే ఉంది. ఇంకోటి, అన్నా. ఆ ముఖం మా అక్కది కాదు."